మూల భాషలు, ఇంగ్లీషు, తెలుగు: మన సెమినరీలలో భాషా బోధన ఎవరి కోసం?

ఉపోద్ఘాతం

సెమినరీలో పట్టా పుచ్చుకొని సంఘానికి వచ్చిన యువ కాపరి తన గ్రీకు పుస్తకాన్ని మళ్లీ ఎప్పుడు తెరుస్తాడు? సేవకుల కూడికలలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వులో సమాధానం ఉంది. మూల భాషలకు కొన్ని సెమిస్టర్లు, ఇంగ్లీషుకు కొన్ని గంటలు, వాటికి పరీక్షలు, మార్కులు అన్నీ అయిపోతాయి. శనివారం రాత్రి ప్రసంగానికి సిద్ధపడే వేళకు ఆ యువకుని బల్ల మీద మిగిలేది తెలుగు బైబిలు, ఒక పదకోశం. చదివిన భాషలు ఏమైనట్టు?

తప్పు విద్యార్థిది అనడం తేలిక. శ్రద్ధ లేదనవచ్చు, పునాది లేదనవచ్చు. అయితే ఒక తరగతిలో ఒకరిద్దరు విఫలమైతే అది వారి సంగతి. ఏటేటా ఎక్కువమంది అదే విధంగా మరచిపోతూ ఉంటే అది పాఠ్య ప్రణాళిక సంగతి. ఈ వ్యాసంలో రెండు విషయాలను పరిశీలిద్దాం. మన భాషా పాఠాలను ఏ వైపు నుండి మొదలుపెట్టి తయారు చేసుకోవాలి అన్నది మొదటిది. గ్రీకు వంటి మూల భాషను ఏ భాషలో నేర్పాలి అన్నది రెండవది. నా అభిప్రాయం ముందే చెబుతాను. సెమినరీలో నేర్పే ప్రతి భాషకు వేరు గమ్యం ఉండాలి. ఆ గమ్యాలన్నీ తెలుగు సంఘానికి వాక్యాన్ని వివరించే పని దగ్గర కలుసుకోవాలి. గ్రీకును ఇంగ్లీషు వ్యాకరణం మీదుగా గాక తెలుగు వ్యాకరణం మీదుగా నేర్పాలి.

పక్కింటి నుండి ఒక పాఠం

గుంటూరు నుండి తెనాలి వెళ్లే దారిలో చేబ్రోలు మండలంలోని వడ్లమూడి ఉంది. ఒకప్పుడు సంగం డెయిరీ పేరుతో తెలిసిన ఊరు. ఇప్పుడు విజ్ఞాన్ విద్యాసంస్థల పేరుతో ఎక్కువగా తెలుసు. అక్కడి ఇంజనీరింగ్ కళాశాలకు 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. ఇలాంటి ఊళ్లలో ఆదివారం ఆరాధనకు వచ్చే వారిని చూస్తే మన సమస్య సగం అర్థమవుతుంది. పొలం పనికి, కూలికి వెళ్లే తల్లిదండ్రులు ఒక వరుసలో, వాళ్ల పిల్లలు ఇంజనీరింగ్ పుస్తకాలతో మరో వరుసలో కూర్చుంటారు. కాపరి ఒక్కడే, ప్రసంగం ఒక్కటే.

ఇంజనీరింగ్ కళాశాలల్లో నేడు ప్రతి కోర్సు మొదటి పుటలో, ఈ కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమేమి చేయగలుగుతాడో రాసి ఉంటుంది. వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందిన తరువాత, జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు కావాలంటే ఇలా రాయక తప్పదు. దీనినే ఫలితాల ఆధారిత విద్య అంటున్నారు. చాలాచోట్ల ఇది కాగితాలు నింపే పనిగా మారిందని అక్కడి అధ్యాపకులే గొణుగుతుంటారు. ఆ గొణుగుడులో నిజం లేకపోలేదు. అయినా ఆ మొదటి పుటలోని ప్రశ్న మంచి ప్రశ్న. మన సెమినరీ సిలబస్ తీసి చూడండి. వర్ణమాల, నామవాచకాలు, క్రియలు, సంయోజకాలు, మార్కు సువార్తలో ఎంపిక చేసిన భాగాలు అని ఉంటుంది. అది గురువు బోధించవలసిన వాటి జాబితా. శిష్యుడు దేనికి సమర్థుడు కావాలో అందులో ఎక్కడా కనిపించదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో రాల్ఫ్ టైలర్ 1949లోనే పాఠ్య ప్రణాళికకు నాలుగు ప్రశ్నలు పెట్టాడు: ఏ లక్ష్యం సాధించాలి, దానికి ఏ అనుభవాలు కావాలి, వాటిని ఏ క్రమంలో అమర్చాలి, సాధించామో లేదో ఎట్లా తెలుసుకోవాలి. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు జ్ఞాపకం ఉంచుకోవడం మొదలు విలువ కట్టడం వరకు మెట్లు చూపించారు. 1998లో విగ్గిన్స్, మెక్‌టై అనే ఇద్దరు, ముందు గమ్యం, తరువాత దానికి రుజువు, ఆ తరువాతే పాఠం అనే వెనుక నుండి ముందుకు వచ్చే పద్ధతిని వివరించారు. పెండ్లి తేదీ అనుకున్నాక పందిరి ఎప్పుడు వేయాలో లెక్క వేసుకుంటాం గదా, అదే ఇది.

బ్రౌను దొర చదువు పుస్తకం

మన దగ్గరే దీనికి ఇంకా పాత దృష్టాంతం ఉంది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల స్థాపించబడింది. కంపెనీ కొలువులో చేరే ఆంగ్ల యువకులకు ఈ దేశపు భాషలు నేర్పడం దాని పని. 1817లో మద్రాసుకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది ఆ ఏర్పాటులోనే. కలెక్టరు కచేరీలో కూర్చునేవానికి పద్యం అన్వయించడం కన్నా రైతు తెచ్చిన అర్జీ చదవడం ముఖ్యం. బ్రౌన్ ఆ అవసరాన్ని బాగా గ్రహించాడు. 1852లో ఆయన ప్రచురించిన తెలుగు వాచకంలో ఉన్నవి సొంత ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు. సంభాషణల పుస్తకం వేరుగా వేశాడు. 1855లో తాతాచార్యుల కథలను ప్రజల నోట నడిచే తెలుగులోనే అచ్చు వేయించాడు. వేమన పద్యాలను, ప్రబంధాలను వెలికి తీసిన వ్యక్తి కావ్యభాషను తక్కువ చేసినవాడు కాదు. కాని వాచకం తయారు చేసేటప్పుడు, చదువరి రేపు ఉదయం ఏ కాగితం చేతికి తీసుకోబోతున్నాడన్నదే చూశాడు.

మన విద్యార్థి రేపు ఉదయం చేతికి తీసుకోబోయేది ఏది? ఒక వాక్య భాగం. ఎదురుగా వడ్లమూడి వంటి ఊరి సంఘం. కాబట్టి మన భాషా కోర్సుల గమ్యం ఈ విధంగా రాసుకోవచ్చు. ఒక వాక్య భాగాన్ని తెలుగులో తప్పు లేకుండా బిగ్గరగా చదవగలగాలి. అందులో సందేహం ఉన్న చోట మూల భాషలో ఏముందో నిఘంటువు సహాయంతో చూసుకోగలగాలి. ఆ భాగం మీద ఇంగ్లీషులో ఉన్న మంచి వ్యాఖ్యానం చదివి సారం గ్రహించగలగాలి. గ్రహించిన దానిని, బడికి వెళ్లని ముసలమ్మకు, బి.టెక్. చదివే ఆమె మనవడికి ఇద్దరికీ తెలిసేటట్లు చెప్పగలగాలి. గమనించండి, నాలుగు పనుల్లో రెండు తెలుగుకు సంబంధించినవి. మన సెమినరీల టైము టేబుల్లో తెలుగుకు ఎన్ని గంటలు ఉన్నాయో పాఠకులకు తెలుసు.

గ్రీకు తరగతిలో తెలుగు

మన సెమినరీలలో గ్రీకును ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాల నుండే నేర్పుతున్నాం. గ్రెషమ్ మేచెన్ పుస్తకం 1923 నాటిది, వెన్‌హామ్ పుస్తకం 1965 నాటిది. రెండూ మంచి పుస్తకాలే. అయితే అవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కోసం రాసినవి. ఇంగ్లీషులో నామవాచకం కర్తగా ఉన్నా కర్మగా ఉన్నా రూపం మారదు. అందుచేత ఆ పుస్తకాలు విభక్తి అంటే ఏమిటో మొదటి నుండి చెప్పుకు రావలసి వస్తుంది. వెన్‌హామ్ అయితే గ్రీకుకు ముందు ఇంగ్లీషు వ్యాకరణ పాఠమే పెట్టాడు. తెలుగు విద్యార్థికి ఇది రెట్టింపు భారం. తనకు పుట్టుకతో వచ్చిన విభక్తిని, తనకు సరిగా రాని భాషలో, ఆ విభక్తి లేని భాషవారి కష్టాల మీదుగా నేర్చుకోవాలి. రేపల్లె నుండి గుంటూరు రావడానికి మద్రాసు మీదుగా తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

నేరుగా వచ్చే దారి చూద్దాం.

మొదట అక్షరాలు. గ్రీకులో ఇరవై నాలుగు అక్షరాలు. ఎప్సిలాన్, ఏటా అనే రెండింటి భేదం ఇంగ్లీషువారికి తికమకగా ఉంటుంది. మనకు అవి ఎ, ఏ. ఓమిక్రాన్, ఓమెగా మనకు ఒ, ఓ. హ్రస్వ దీర్ఘాల ఈ జంటలు తెలుగు లిపిలో వేరు వేరు అక్షరాలుగా ఉన్నాయి. దేవనాగరిలో సాధారణంగా ఈ సౌకర్యం లేదు. థీటా, ఫై, ఖై అనే వాటికి ప్రాచీన ఉచ్చారణలో ఉన్న ఒత్తు మన థ, ఫ, ఖలలో ఉంది. కాబట్టి మొదటి వారం గ్రీకు మాటలను తెలుగు లిపిలో రాయించడం సిగ్గుపడవలసిన పని కాదు. ఇంగ్లీషు లిపిలో రాయించడం కంటే అది శాస్త్రీయం.

తరువాత విభక్తులు. గ్రీకులో రూపాలు ఐదు, మన బడిలో నేర్పే విభక్తులు సంబోధనతో కలిసి ఎనిమిది. ఎనిమిదిని ఐదులో ఎలా ఇముడ్చుతారు? గ్రీకు షష్ఠి రూపం మన "యొక్క" పనినీ, "వలన", "నుండి" పనినీ రెండూ చేస్తుంది. గ్రీకు చతుర్థి రూపం మన "కొరకు"నూ, "చేత", "తోడ"లనూ, "అందు"నూ మూడింటినీ మోస్తుంది. ఇది మనం కల్పించుకున్న పోలిక కాదు. అమెరికా బాప్టిస్టు పండితుడు ఏ.టి. రాబర్ట్‌సన్ 1914లో ప్రచురించిన పెద్ద గ్రీకు వ్యాకరణంలో, సంస్కృతంతో పోల్చి చూసి, గ్రీకు విభక్తులను ఎనిమిదిగానే వివరించాడు. ఐదు అని చెప్పేవారు ఎక్కువ. ఆ వాదం ఎటు తేలినా, రాబర్ట్‌సన్ ఎంతో శ్రమపడి తన విద్యార్థులకు వివరించిన దానిని మన ఆరవ తరగతి పిల్లవాడు వల్లె వేసి ఉన్నాడు. మన గ్రీకు తరగతి ఆ వల్లెను ఒక్కసారైనా వాడుకోదు.

ఇక అసలు లాభం క్రియల దగ్గర. మత్తయి 28:19, 20 తీసుకుందాం. అక్కడ ఆజ్ఞారూపంలో ఉన్న ప్రధాన క్రియ ఒక్కటే, శిష్యులనుగా చేయడం. వెళ్లడం అన్నది "పొరెఉథెంతెస్" అనే అసమాపక రూపం. బాప్తిస్మమివ్వడం, బోధించడం అన్నవి "బప్తిజొంతెస్", "దిదస్కొంతెస్" అనే మరో రకం అసమాపక రూపాలు. ఇంగ్లీషు బైబిళ్లు మొదటి దానిని "గో" అని ఆజ్ఞగా అనువదించాయి. దీనిమీద ప్రసంగీకులలో ఒక వాడుక ఏర్పడింది. గ్రీకులో వెళ్లమని ఆజ్ఞ లేదు, మీరు వెళ్తూ ఉన్నప్పుడు అన్నదే ఉంది అని కొందరు గంభీరంగా చెబుతారు. ఆ మాట మన సభల్లో కూడా వినబడుతూ ఉంటుంది.

తెలుగు వ్యాకరణం తెలిసిన విద్యార్థికి ఇక్కడ తికమక ఉండకూడదు. మొదటి రూపం మన క్త్వార్థకం, అంటే "వెళ్లి". తరువాతి రెండు మన శత్రర్థకం, అంటే "ఇస్తూ", "బోధిస్తూ". ఇప్పుడు తల్లి కొడుకుతో "బజారుకు వెళ్లి ఉప్పు తీసుకురా" అన్నదనుకోండి. ఆజ్ఞ తీసుకురావడం మీదే ఉంది, "వెళ్లి" అసమాపకమే. అయినా ఆ కొడుకు, అమ్మ నన్ను వెళ్లమనలేదు, ఎప్పుడైనా అటు వెళ్తే తెమ్మన్నది అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఆజ్ఞ బలం వెళ్లడం మీదికి కూడా పాకింది. మత్తయి వాక్యంలో పండితులు చాలామంది చెప్పేది ఇదే. ప్రధానం శిష్యులను చేయడం, వెళ్లడం ఆ ఆజ్ఞలో కలిసే ఉంది. ఇంగ్లీషు ద్వారా చదివితే అరగంట పట్టే ఈ చర్చ, తెలుగులో ఉప్పు పొట్లంతో తేలిపోతుంది.

మార్కు 12:41-44 మరో ఉదాహరణ. కానుక పెట్టె ఎదుట యేసు కూర్చుని చూస్తూ ఉన్నాడు. ధనవంతులు వేయడానికి వాడిన రూపం "ఎబల్లొన్". విధవరాలు వేయడానికి వాడిన రూపం "ఎబలెన్". ధాతువు ఒకటే. మొదటి దానిలో లకారం జంటగా ఉంది, రెండవ దానిలో ఒకటే. ఆ చిన్న భేదంలో ఒక దృశ్యం ఉంది. వారు వేస్తూ ఉన్నారు, వస్తూ వేస్తూ అది అలా సాగుతూనే ఉంది. ఆమె వచ్చింది, వేసింది, అయిపోయింది. మన "వేస్తూ ఉన్నారు", "వేసింది" ఆ భేదాన్ని అట్లే చూపిస్తాయి. విద్యార్థికి ఈ పాఠం నేర్పేటప్పుడే ఒక హెచ్చరిక కూడా నేర్పాలి. 44వ వచనంలో యేసు జరిగినదంతా చెప్పేటప్పుడు ఇరువురికీ ఒకే కాలం వాడబడింది. కాబట్టి కాలభేదం మీద సిద్ధాంతం కట్టకూడదు. అది కథ చెప్పే తీరు. ఈ నిగ్రహం రాకపోతే, కొంచెం గ్రీకు వచ్చిన ప్రసంగీకుడు అసలు రానివాని కంటే ప్రమాదం.

ఏకవచన బహువచనాలు కూడా చూడండి. లూకా 22:31, 32 వచనాలలో సాతాను కోరుకున్నది "హుమాస్", అంటే బహువచనంలో మిమ్మల్ని. యేసు వేడుకొన్నది "సూ" కొరకు, అంటే ఏకవచనంలో నీ కొరకు. శోధన అందరికీ వచ్చింది, ప్రార్థన సీమోను పేరున జరిగింది, తరువాత అతడు తన సోదరులను స్థిరపరచాలి. నేటి ఇంగ్లీషులో రెండింటికీ "యు" ఒక్కటే గనుక ఈ సంగతి మరుగున పడుతుంది. తెలుగులో కనబడుతుంది. అయితే మనకు ఇంకో చిక్కు ఉంది. మనం మర్యాదకు కూడా "మీరు" అంటాం. వినేవారు దానిని గౌరవవాచకంగా తీసుకోకుండా "మీ అందరినీ" అని కాపరి విప్పి చెప్పాలి.

తెలుగు మరొక ప్రశ్న కూడా వేస్తుంది. అది గ్రీకు గాని ఇంగ్లీషు గాని వేయని ప్రశ్న. మార్కు 4:38లో తుఫానులో శిష్యులు నశిస్తున్నామని అరిచారు. మేమా, మనమా? "మేము" అంటే యేసును మినహాయించి తమ సంగతి చెప్పుకున్నట్టు. "మనము" అంటే ఆయనను కూడా మునిగిపోయే వారిలో కలిపినట్టు. గ్రీకు క్రియారూపం ఈ రెంటిలో ఏదో చెప్పదు. తెలుగు అనువాదకుడు తప్పక ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్న క్షణాన అతడు వ్యాఖ్యాత అయ్యాడు. ఒక తరగతిని రెండు జట్లు చేసి ఈ ఒక్క మాట మీద వాదించమంటే, సందర్భం, శిష్యుల విశ్వాస స్థితి, నీకు చింత లేదా అనే నిష్ఠూరం అన్నీ వాళ్లే బయటికి తీస్తారు. వ్యాఖ్యాన శాస్త్రం అనే మాట వాడకుండానే అది వ్యాఖ్యాన శాస్త్ర పాఠం.

తెలుగు ప్రతిచోటా సహాయం చేస్తుందని చెప్పను. గ్రీకులో ఉన్న ఉపపదం మనకు లేదు. అందుచేత యోహాను 1:1 వంటి చోట ఉపపదం ఉండడం, లేకపోవడం అనే చర్చ మన విద్యార్థికి గాలిలో దీపంలా ఉంటుంది. ఇక్కడ ఇంగ్లీషే కొంత దగ్గర. ఎఫెసీ 1:3-14 గ్రీకులో ఒకే వాక్యం. మన భాషలో విశేషణ వాక్యాలన్నీ నామవాచకానికి ముందు పేర్చవలసి రావడంతో తల తోక దొరకదు, ముక్కలు చేయక తప్పదు. కర్మణి ప్రయోగం ఇంకొక కష్టం. కనబడు, వినబడు, పట్టుబడు అని పల్లెలో అందరూ అంటారు. చేయబడినది, పంపబడినది, అనుగ్రహింపబడినది అని ఎవరూ అనరు. గ్రీకు కర్మణిని అనువదించి అనువదించి మన సంఘ భాషలో "బడు" పేరుకుపోయింది. ఈ వ్యాసంలోనూ పాఠకులకు కొన్ని కనబడి ఉంటాయి. క్షమించేవాడు దేవుడే అని అర్థమయ్యే చోట "దేవుడు క్షమించాడు" అని చెబితే వాక్యానికి లోటు ఏమీ రాదు. ఈ కష్టాలు కూడా పాఠంలో భాగం కావాలి. రెండు భాషలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలిసినప్పుడే విద్యార్థికి రెండూ పట్టుబడతాయి.

ఇంగ్లీషు సంగతి

ఇంతవరకు చదివిన వారు ఈ వ్యాసకర్త ఇంగ్లీషుకు వ్యతిరేకి అనుకోవచ్చు. కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సంఘాలలో అధికులు దళిత కుటుంబాల నుండి వచ్చినవారు. అగ్రహారపు తెలుగు వారిని గుమ్మం బయట నిలబెట్టిన కాలంలో మిషను బడి ఇంగ్లీషు వారికి ఉద్యోగం, గౌరవం రెండూ ఇచ్చింది. ఆ జ్ఞాపకం ఉన్న తల్లిదండ్రులతో మాతృభాష గొప్పది అని ఉపన్యసించడం సరికాదు. అదే సమయంలో మరో జ్ఞాపకం కూడా మనకు ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పని చేశాడు. తనను దూరం పెట్టిన వారి పద్యాన్నే ఆయుధంగా చేసుకున్నాడు. ఆయన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గౌరవం తెలుగు వలన కూడా వచ్చింది.

సెమినరీల చరిత్రలో కూడా ఈ రెండు పాయలు ఉన్నాయి. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు సిరాంపూర్ కళాశాలను స్థాపించినప్పుడు ప్రకటించిన ఉద్దేశం, ఆసియా యువకులకు ప్రాచ్య సాహిత్యం, పాశ్చాత్య విజ్ఞానం రెండూ నేర్పడం. కాలక్రమంలో ఆ విశ్వవిద్యాలయపు బి.డి. ఎక్కువచోట్ల ఇంగ్లీషు చదువుగా స్థిరపడింది. అయినా అది విధి కాదు. మధురైలోని అరసరడిలో 1969లో ఏర్పడిన తమిళనాడు థియొలాజికల్ సెమినరీ బి.డి.ని తమిళంలో బోధిస్తూ వచ్చింది. మనకు 1964లో రాజమండ్రిలో పలు సంఘాలు కలిసి నెలకొల్పిన ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది, అది తరువాత హైదరాబాదుకు తరలింది. తెలుగులో వేదాంత విద్య కొనసాగుతూనే ఉంది. అయినా మన వాడుకలో బి.డి. అంటే ఇంగ్లీషు, తెలుగు అంటే దాని కింది మెట్టు అన్న భావన పోలేదు. తమిళులకు సాధ్యమైనది మనకు ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్నను మన పాలక మండళ్లు తప్పించుకు తిరుగుతున్నాయనే నేను అనుకుంటాను.

ఇంగ్లీషు ఎట్లా నేర్పాలి? ఇక్కడ గమ్యం స్పష్టంగా ఉండాలి. కాపరికి మొట్టమొదట కావలసింది చదవడం. మాట్లాడడం తరువాత వస్తుంది, కొందరికి అవసరం రాదు. కాని మన తరగతుల్లో "టెన్సులు", "వాయిస్" మార్పిడి చేయిస్తాం. బెంగళూరు, మద్రాసు ప్రాంత పాఠశాలల్లో 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణ సూత్రాలు ముందు చెప్పకుండా, పిల్లల చేత రైళ్ల పట్టికలు, పటాలు చదివించి లెక్కలు, నిర్ణయాలు చేయించాడు. అర్థం మీద మనసు పెట్టినప్పుడు భాష దానంతట పట్టుబడుతుందని ఆయన అభిప్రాయం. పూర్తిగా ఒప్పుకోకపోయినా, మన పనికి అది సరిగ్గా సరిపోతుంది. వచ్చే ఆదివారపు వాక్య భాగం మీద ఒక వ్యాఖ్యానంలో రెండు పుటలు ఇవ్వండి. చదివి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో అర పుట రాయమనండి. రచయితతో ఎక్కడ ఏకీభవించరో ఒక వాక్యం చేర్చమనండి. ఇది ఇంగ్లీషు పాఠం, తెలుగు రచనా పాఠం, వ్యాఖ్యానం మూడూ అవుతుంది.

కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979 నుండి చెబుతూ వచ్చిన మాట ఇక్కడ పనికి వస్తుంది. ఒక భాషలో లోతుగా చదవడం, వాదించడం నేర్చుకున్నవాడు ఆ శక్తిని రెండవ భాషలోకి తీసుకుపోగలడు. నాలుగు మాటలు ధారాళంగా మాట్లాడడం వేరు, గ్రంథం చదివి ఆలోచించడం వేరు. మొదటిది త్వరగా వస్తుంది, చూసేవారిని మోసగిస్తుంది కూడా.

ఇప్పుడు వస్తున్న విద్యార్థి

పై వాదానికంతటికీ ఒక పెద్ద అడ్డంకి ఉంది. విద్యార్థికి తెలుగు వచ్చు అనుకొని ఇదంతా చెప్పాను. నేడు ఆ నమ్మకం పెట్టుకోవడానికి లేదు.

ప్రైవేటు పాఠశాలల సంగతి సరే. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కూడా 2008లో సక్సెస్ పాఠశాలల పేరిట ఇంగ్లీషు మాధ్యమ తరగతులు మొదలయ్యాయి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 81, జి.ఓ. 85 ద్వారా ప్రాథమిక తరగతులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చ తలపెట్టింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తరువాత ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాల ఆలోచన మాత్రం బాగుంది, మన సెమినరీలు కూడా అనుసరించదగినది. అదే 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం, వీలైన చోట కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధించమని చెప్పింది. ఈ ఒడిదుడుకుల మధ్య చదివిన పిల్లలు సెమినరీ గుమ్మం ఎక్కుతున్నారు. వారిలో కొందరు బైబిలు చదవమంటే సంయుక్తాక్షరాల దగ్గర ఆగిపోతారు. సెల్‌ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటారు. ఇంటి మాట తెలుగే, చదువు మాట ఇంగ్లీషు, రెండింటిలోనూ లోతు చాలదు. వారికి క్త్వార్థకం అంటే గ్రీకు మాటలాగే వినబడుతుంది.

నా దృష్టిలో ఇది తెలుగు ద్వారా బోధించడాన్ని మానుకోవడానికి కారణం కాదు, మొదటి సంవత్సరం తెలుగు చదివించడానికి కారణం. మన బైబిలు భాష వారికి ఒక పరభాష వంటిదే అయింది. చేయుడి, పోవుచుండగా, నిమిత్తమై అనే రూపాలను నేర్పవలసి ఉంది. ఇందుకు మెట్లు కావాలి. తెనాలివారైన చక్రపాణి 1947లో నాగిరెడ్డితో కలిసి ఆరంభించిన "చందమామ"ను, అదే తెనాలికి చెందిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980 వరకు నడిపించారు. చిన్న వాక్యాలు, తేటమాటలు, విసుగు పుట్టని కథ. లక్షల మందికి చదవడం అలవాటు చేసిన పత్రిక అది, ఇప్పుడు రావడం లేదు గాని పాత సంచికలు దొరుకుతాయి. మొదటి నెల "చందమామ" కథ బిగ్గరగా చదవాలి. రెండవ నెల దినపత్రిక సంపాదకీయం. మూడవ నెల మార్కు సువార్త వ్యావహారిక అనువాదంలో, నాల్గవ నెల అదే సువార్త పాత అనువాదంలో. రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టి మారిన క్రియారూపాల కింద గీతలు గీయమంటే వ్యాకరణం అక్కడే వస్తుంది. ఐదవ నెలలో గ్రీకు మార్కు తెరవవచ్చు. అప్పటికి కథ తెలుసు, తెలుగు రూపాలు తెలుసు, కొత్తది లిపి, ధాతువులు మాత్రమే.

గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు మొదట తానే సవర భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, తరువాత బడులు పెట్టాడు. వారి భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చాడు. విద్యార్థి ఉన్న చోటికి గురువు వెళ్లడం అంటే అది. మన విద్యార్థి ఇప్పుడు తెలుగు ఇంగ్లీషుల మధ్య నిలబడి ఉన్నాడు. గ్రీకు గురువు అక్కడికే వెళ్లాలి.

పరీక్ష ఎట్లా ఉండాలి

విద్యార్థి దేనికోసం చదువుతాడు అంటే పరీక్ష కోసం, ఇది మనందరికీ తెలిసిన సత్యమే. ప్రశ్నాపత్రం మారకుండా ప్రణాళిక మారదు. "లూఓ" ధాతువుకు అన్ని కాలాలలో రూపాలు రాయుము అనే ప్రశ్నకు, వల్లె వేసినవాడు పూర్తి మార్కులు పొందుతాడు, జూన్‌కు మరచిపోతాడు. దానిని పూర్తిగా తీసివేయమనడం లేదు. రూపాలు రాకుండా భాష రాదు. దానికి నూటికి ఇరవై చాలు.

మిగిలిన ఎనభైకి ఒక నమూనా చెబుతాను. మూడు గంటల పరీక్షకు ముందు చూడని ఐదు వచనాలు గ్రీకులో ఇవ్వాలి. నిఘంటువు, ధాతు పట్టిక దగ్గర పెట్టుకోనివ్వాలి, ఎందుకంటే కాపరి తన ఇంటిలో వాటిని పెట్టుకునే చదువుతాడు. మొదటి గంటలో ఆ వచనాలకు రెండు తెలుగు అనువాదాలను పోల్చి, అవి ఎక్కడ వేరుపడ్డాయో, గ్రీకును బట్టి ఏది దగ్గరో కారణంతో రాయాలి. రెండవ గంటలో ఒక ఇంగ్లీషు వ్యాఖ్యానపు పుట చదివి తెలుగులో సారాంశం రాయాలి. మూడవ గంటలో ఆ ఐదు వచనాలను ఊరి సంఘానికి ఐదు నిమిషాలు వివరించి చెప్పాలి. వినేవారిలో గ్రీకు అధ్యాపకునితో పాటు దగ్గరి సంఘం నుండి ఇద్దరిని కూర్చోబెట్టాలి, వారిలో ఒకరైనా పెద్దగా చదువుకోని వారై ఉండాలి. వారు మార్కులు వేయనక్కర లేదు. విన్న తరువాత, అబ్బాయి ఏం చెప్పాడమ్మా అని అడిగితే వారు తిరిగి చెప్పిన మాటను అధ్యాపకుడు కాగితం మీద రాసుకోవాలి. దానికి ఇరవై మార్కులు.